సద్ది అంటే నిన్నటిదా, ఇయ్యాల్టిదా?

గుంటూరు కోడలు (హన్మకొండ కాపురం):
గ్రూపులో అందరికీ నమస్కారమండీ. పెళ్లయి ఇటొచ్చినప్పటి నుంచి నన్ను తికమక పెడుతున్న మాట ఒకటుంది, సద్ది. మా వైపు చద్దన్నం అంటే రాత్రి మిగిలింది, పొద్దున్నే మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేది, అంతే. ఇక్కడ మా అత్తయ్యేమో తెల్లారకుండానే లేచి, అప్పుడే దించిన అన్నం, బెండకాయ కూర డబ్బాలో సర్ది మా ఆయన చేతికిస్తూ "సద్ది మర్శిపోకు బిడ్డా" అంటారు. పొగలు పోతున్న అన్నం చద్దెలా అవుతుందండీ? పైగా సద్దుల బతుకమ్మ నాడు అప్పటికప్పుడు కలిపిన పులిహోర కూడా సద్దే! అడిగితే "గట్లనే అంటరు" అని నవ్వేశారు. కాస్త విడమరిచి చెప్పండి. అలాగే నువ్వుల సద్ది కొలత కూడా ఎవరైనా చెప్తే పుణ్యం, అత్తయ్యదంతా చేతి లెక్క.

సల్లకుండ (వరంగల్):
అక్కా మీ అత్తమ్మ తప్పేం అనలే. మా దిక్కు సద్ది అంటే కట్టుకపోయే బువ్వ. పొలం కాడికైనా ఆఫీసుకైనా బడికైనా, ఇంట్ల వండి బయట తింటే అది సద్ది. డబ్బాను సద్దిగిన్నె అంటం. నిన్నటిదా ఇయ్యాల్టిదా అన్నది లెక్కల లేదు.

మందమర్రి తమ్ముడు:
సింగరేణి ఇండ్లల్ల పుట్టినోళ్లను అడుగుండ్రి సద్దిగిన్నె అంటే ఏందో. బాపు ఫస్ట్ షిఫ్టు ఉన్నదంటే అమ్మ నడిరాత్రి దాటినంక లేశి పొయ్యి ముట్టించేది, బువ్వ ఒక గిన్నెల, కూర ఒక గిన్నెల, పైన చిన్న దాంట్ల మామిడికాయ తొక్కు. బొగ్గు బాయిల దిగినంక అది సల్లగయ్యే తినాలె కదా, లోపల వేడి చేసిచ్చేదెవలు. ఇప్పుడు మా అన్న కూడ అదే అంటడు, సద్ది తీస్కొని పోయిన అని. లంచ్ బాక్స్ అంటే మా ఇంట్ల ఎవ్వలకు ఆకలి కాదు 😄

మానుకోట మాస్టారు:
తమ్ముడు తెల్వకుండనే జవాబు చెప్పిండు, "సల్లగయ్యే తినాలె" అన్న ముక్క చూడుండ్రి. మాట మూలం అక్కడనే ఉన్నది. చల్లనిది చల్ది, చల్ది కాస్త చద్ది అయింది, మన దగ్గర మొదటి చ స అవుతది కాబట్టి సద్ది. చల్ల సల్ల అయినట్టు, చెరువు సెరువు అయినట్టు, చుక్క సుక్క అయినట్టు. అంటే పాత అర్థం చల్లబడ్డ అన్నం అనే, పాచిపోయిన అన్నం అని కాదు. అన్నం చల్లబడడానికి రెండు దార్లు. రాత్రి మిగిలితే పొద్దుటికి చల్లబడుతది, పొద్దున కట్టుకపోతే మధ్యాహ్నానికి చల్లబడుతది. కోస్తాల మొదటి దారి అర్థం గట్టిగ నిలబడ్డది, మన దిక్కు రెండోది గట్టిగ నిలబడ్డది.

సాక్ష్యం కావాలంటే మన పోతననే ఉన్నడు. బమ్మెర మాకు దగ్గరనే, పాలకుర్తి మండలం, ఇప్పుడు జనగామ జిల్లాల పడ్డది (పోతన మా ఊరోడే అనే ఒంటిమిట్ట వాళ్లు దయచేసి ఈ పోస్టుకు రావద్దు, ఆ పంచాది వేరే రోజు పెట్టుకుందం). 15వ శతాబ్దం మనిషి. దశమస్కంధంల అఘాసురుని కథ అయినంక, కృష్ణుడు గోపబాలురను వెంటేసుకొని నీళ్ల ఒడ్డున కూసుండి తినే ఘట్టం ఉన్నది కదా, అండ్ల "మీఁగడపెరుగుతో మేళవించిన చల్దిముద్ద డాపలిచేత మొనయ నునిచి" అంటడు. ఆ పిల్లలు పొద్దుగాల ఇంటి నుంచి కట్టుకొని అడవికి పోయి తిన్నరు. యశోదమ్మ ఇంట్ల నిన్నటి అన్నం తప్ప దిక్కులేదా ఏంది! అది మీ అత్తమ్మ చెప్పే సద్దే.

గుంటూరు కోడలు:
మాస్టారూ బాగుంది, కానీ మీగడ పెరుగు కలిపిన ముద్ద అంటే నాకు మా అమ్మమ్మ పొద్దున్నే పెట్టే చద్దన్నమే గుర్తొస్తోంది మరి 🙂 రాత్రి అన్నంలో పాలు పోసి తోడేసి ఉంచేది. పోతన గారు అదే అనుకుని రాశారేమో అని మా వాళ్లంటే?

మానుకోట మాస్టారు:
అనుకోవచ్చు తల్లీ, ముద్దల ఏ పూట అన్నం ఉన్నదో పద్యం చెప్పదు. నేనన్నది మోసుకపోయిన తిండికి ఆ మాట వాడిండు అని, అంతవరకే. ఇంకోటి, "పెద్దల మాట చద్దిమూట" అన్నది మీ దిక్కు కూడ ఉన్నది కదా. అండ్ల మూట ఎందుకొచ్చింది? దారిల ఆకలైతే విప్పుకొని తినేది కనుక. అండ్ల చద్ది అంటే మిగిలిపోయిన అన్నం అని చెప్పుకుంటే పెద్దల మాట పాచి మాట అయితది 😀

సల్లకుండ:
మాస్టారూ డాపలిచేత అంటే ఎడమ చెయ్యి కదా, ఎడమ చేత్తో ముద్ద పట్టుకునుడు ఏంది?

మానుకోట మాస్టారు:
ఎడమ చేతుల ముద్ద పెట్టుకొని కుడి చేత్తో కొంచెం కొంచెం తింటున్నడు, కంచం లేదు కదా. ఆ వెనుకనే ఊరుగాయలు వేళ్ల సందుల ఇరికించుకున్నడని రాస్తడు. గొడ్ల కాడికి పోయి తిన్నోళ్లకు ఈ పద్ధతి చెప్పే పనే లేదు, చెయ్యే కంచం, వేళ్ల సందులే తొక్కు గిన్నె. డాపలి మాట కూడ పోలే, నాగలి కట్టే ముసలోళ్లను అడుగు, దాపటెద్దు ఎలపటెద్దు అంటరు, దాపటిది ఎడమ దిక్కుది.

జమ్మికుంట వదిన:
అందరు ఒక దిక్కే మాట్లాడుతున్నరు గనీ మా ఇంట్ల నిన్నటి బువ్వను కూడ సద్దే అంటం. "సద్ది బువ్వల సల్ల పోసుకో" అంటది మా అత్త. రెండూ ఉన్నయి, సందర్భాన్ని బట్టి తెలుస్తది. "సద్ది కట్టు" అంటే డబ్బా, "సద్ది తిను" అంటే రాత్రిది. ఎండకాలం నాకు ఆ రెండోదే పానం. రాత్రి బువ్వ మునిగేదాక నీళ్లు పోసి మట్టికుండల పెట్టి, పొద్దుగాల ఆ పులిసిన నీళ్లు కొంచెం వంపి, సల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. పక్కకు చింతకాయ తొక్కు ఉంటే ఇగ కూర అడిగినోన్ని తంతా. కాకపోతే ఒకటి, నీళ్లు పోయకుండ ఉత్తగ గిన్నెల వదిలిన బువ్వతోని చెయ్యకుండ్రి. వేసంగిల అది ఊరికే చెడుతది, మళ్ల వేడి చేసినా దాంట్ల పుట్టిన విషం పోదు. కమ్మటి పులుపు వాసన రావాలె, జిగట సాగిందంటే పారబోసుడే.

పరకాల పెద్దమ్మ:
మాటల పంచాది మీరు చూసుకోండ్రి, పిల్ల కొలత అడిగింది దానికి ఒక్కలు చెప్పలే. బిడ్డా రాసుకో. గ్లాసు బియ్యానికి పావు గ్లాసు నువ్వులు, ఆరేడు ఎండు మిరపకాయలు, సరిపడ ఉప్పు. నువ్వులు నూనె లేకుండ సన్నమంట మీద చిటపటమనేదాక వేయించి దించు, ఎర్రగైతే చేదొస్తది. మిరపకాయలు చుక్క నూనెల వేరేగ వేయించు. అన్ని పూర్తిగ సల్లారినంకనే మిక్సీల వెయ్యి, అది కూడ ఆపి ఆపి తిప్పు, ఒక్కతీరుగ తిప్పినవంటే నూనె దిగి ముద్దయితది, బువ్వకు అంటదు. బువ్వ పలుకుగ వండి తాంబాళంల ఆరబోసి, మీద చెంచెడు నూనె చిటికెడు పసుపు వేసి చెయ్యి పెట్టకుండ గరిట వెనుకతో కలుపు. సల్లగైనంక పొడి, పోపు. పోపుల శనగపప్పు, మినుపపప్పు, ఆవాలు, కరివేపాకు, జర ఇంగువ. రంగు మంచిగ రావాలె పిల్లలు తినాలె అంటే మన చపాట మిర్చి వాడు, ఎనుమాముల మార్కెట్ల దొరుకుతది, టమాట మిర్చి అంటరు కదా అదే, రంగు ఎక్కువ కారం తక్కువ. దానికి 2025ల జీఐ గుర్తింపు, అంటే ఈ నేల పంటే అనే సర్కారు గుర్తింపు, కూడ వచ్చింది, మా ఇంట్ల గుర్తింపు ఎప్పటినుంచో ఉన్నది.

గుంటూరు కోడలు:
పెద్దమ్మా చేతులెత్తి దండం 🙏 గుంటూరు దాన్నయ్యుండి కారం తక్కువ మిరపకాయ కొంటున్నానంటే మా నాన్న ఊరుకోరు. మిగతా నాలుగు సద్దులు కూడా చెప్పండి, అయిదంటారు కదా?

పరకాల పెద్దమ్మ:
మా ఇంట్ల 5, పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. కొందరు ఏడంటరు తొమ్మిదంటరు, పల్లి పొడి, నువ్వుల పొడి, మలీద (రొట్టె, బెల్లం కలిపిన) ముద్దలు అన్నీ కలిపి లెక్క పెడుతరు. ఓపిక ఉన్నోళ్లు ఉన్నన్ని చేసుకోవచ్చు, బతుకమ్మ ఏం గుణకారం చెయ్యది. నిమ్మకాయ పొయ్యి ఆర్పినంకనే పిండు, మంట మీద పిండితే చేదయితది. కొబ్బరి పచ్చిదే తురిమి పచ్చి వాసన పోయేదాక వేయిస్తే సాలు. పెరుగు సద్దికి మాత్రం బువ్వ మెత్తగ వండి గోరువెచ్చగ ఉన్నప్పుడు పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచెలు, అంతే. కలిపేటప్పుడు పల్సగ ఉన్నదని భయపడకు, రాత్రికి తోడుకొని గట్టిపడుతది. మొదలే పెరుగు మొత్తం పోస్తే చెరువు గట్టు మీద విప్పేసరికి పుల్లగ గడ్డకట్టి ఉంటది.

సల్లకుండ:
చెరువు గట్టు అంటే యాదికొచ్చింది. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడ మా వాడకట్టు ఆడోళ్లందరు ఆడి ఆడి, బతుకమ్మను నీళ్లల్ల వదిలినంక "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకుంట సద్దులు పంచుకుంటరు. మధ్యాహ్నం కలిపినయి రాత్రి తింటున్నరు, ఇంట్ల వండి బయట తింటున్నరు. నాకిప్పుడు తట్టింది, ఆ ఐదు చూడుండ్రి, చింతపండు, నిమ్మ, నువ్వులు, పెరుగు, ఇవన్ని పూట దాటినా నిలిచేటియే. పప్పు సద్ది, టమాట కూర సద్ది అని ఎవలు చెయ్యరు, సాయంత్రానికి పనికిరావు కాబట్టి. పండుగ పేరే కట్టుకపోయే బువ్వ పేరు!

జమ్మికుంట వదిన:
కొబ్బరిని లెక్కల నుంచి తప్పించినవ్ చూడు తమ్మీ 😂 అదే అన్నింటికంటే ముందు చెడేది. మా ఇంట్ల కొబ్బరిది ఆఖరుకు కలుపుతం, బతుకమ్మ గడప దాటే ముందు.

సల్లకుండ:
వదినా నువ్వు ఉండంగ ఒక్క సిద్ధాంతం నిలువనియ్యవ్.

మందమర్రి తమ్ముడు:
సద్దికి సజ్జలకు సంబంధం ఉన్నదా మాస్టారూ? అనంతపురం దోస్తు సద్ద రొట్టె అంటడు.

మానుకోట మాస్టారు:
లేదు తమ్మీ. వాళ్ల సద్దలు మన సజ్జలు, ధాన్యం. దీనికి దానికి చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే.

గుంటూరు కోడలు:
చివరగా ఒక్కటి. అత్తయ్య పెట్టెలో నుంచి పాత ఇత్తడి సద్దిగిన్నె తీసిచ్చారు, మూడు అరలది, భలే ఉంది. ఈసారి చింతపండు సద్ది అందులోనే పెట్టి తీసుకెళ్దామనుకుంటున్నా.

పరకాల పెద్దమ్మ:
ఆగు బిడ్డా, ముందు లోపల చూడు. తెల్లగ కళాయి, అంటే తగరం పూత, ఉన్నదా, పసుపుపచ్చ ఇత్తడే కనపడుతున్నదా? కళాయి పోయిన గిన్నెల పులుపు పెడితే చిలుం పడుతది, బువ్వ రుచి చెడుతది, కడుపుల తిప్పుతది. పెరుగు సద్దికి కూడ అంతే. కళాయి పెట్టేటోడు దొరికేదాక దాంట్ల నువ్వుల సద్ది ఒక్కటే పెట్టు, చింతపండుది స్టీలు డబ్బాల తీస్కపో.