లీగ్ మధ్యలో మానేసినాయన పాయింట్లు: ఉంచాలా, తీసేయాలా?

ఎండ్‌గేమ్_పిచ్చి:
సీజన్ అయిపోయింది, కప్పు ఇచ్చేశారు, ఫొటోలూ దిగారు. అయినా నాకు మింగుడు పడక ఇక్కడ పెడుతున్నా. మన చెస్ క్లబ్బు కానివాళ్ల కోసం సంగతి చెప్తాను. మొత్తం 12 మంది, అందరూ అందరితో ఒక్కోసారి ఆడాలి, అంటే మనిషికి 11 గేములు. వారానికో రౌండు. ఏడో రౌండు అయ్యాక ఒకాయన ఇక రానని చెప్పి మానేశారు. పేరెందుకు, ‘పెద్దాయన’ అందాం. అప్పటికి ఆయన పేరు మీద ఆరు ఫలితాలున్నాయి. 11లో సగం అయిదున్నర, ఆరు దాన్ని దాటింది కాబట్టి వచ్చిన ఫలితాలు లెక్కలో ఉంటాయని, ఇంకా ఆయనతో ఆడాల్సిన అయిదుగురికీ తలో పాయింటు వాకోవర్ (అంటే ఆడకుండానే గెలుపు) అని కమిటీ తేల్చింది.

ఆ అయిదుగురిలో నల్లపావులు గారు ఒకరు. 8.5తో ఛాంపియన్. మన కుర్రాడేమో పెద్దాయనతో కూర్చుని ఆడి డ్రా చేసుకున్నాడు, 8తో రెండో స్థానం.

కానీ ఆ ఆరింటిలో ఒకటి, అయిదో రౌండుది, అవతలి మనిషి రాకపోవడం వల్ల పెద్దాయనకి వచ్చిన వాకోవర్. బోర్డు మీద ఆడినవి అయిదే. అయిదు సగం కాదు. కాబట్టి ఆయన ఫలితాలన్నీ లెక్కలోంచి తీసేయాలి. తీసేస్తే ఇద్దరికీ 7.5 చొప్పున. మన క్లబ్బులో టై అయితే ముందు చూసేది ఇద్దరి మధ్య గేము. అది గెలిచింది కుర్రాడు. కప్పు ఎవరిదో ఇప్పుడు చెప్పండి.

బంటు_ముందుకే:
మళ్లీ మొదలెట్టారా 😄

ఫిడే_పుస్తకం:
రూలు పూర్తిగా చెప్తే మంచిది. రౌండ్ రాబిన్‌లో, అంటే మన లీగ్‌లాగా అందరూ అందరితో ఆడే పద్ధతిలో, ఆటగాడు సగం కంటే తక్కువ గేములు పూర్తి చేసి తప్పుకుంటే, ఆ ఫలితాలు పట్టికలో రికార్డు కోసం ఉంటాయి కానీ తుది స్థానాలకి లెక్కించరు. కనీసం సగం పూర్తి చేసి తప్పుకుంటే పాయింట్లు లెక్కలోనే ఉంటాయి, మిగతా ప్రత్యర్థులకి వాకోవర్. దీని వెనకున్న ఆలోచన ఏమిటంటే, త్వరగా పోయినవాడి గేములు తీసేస్తే కష్టపడి ఆడి నష్టపోయేవాళ్లు కొద్దిమందే. ఆలస్యంగా పోయినవాడివి తీసేస్తే చాలామంది కష్టం నీళ్లపాలవుతుంది. ఏ గీత గీసినా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది, అది తక్కువ జరిగే చోట గీశారు.

ఇది మన క్లబ్బుకే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో జరిగిన 2022 సింక్‌ఫీల్డ్ కప్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ మూడు రౌండ్లాడి వెళ్లిపోయాడు. సగం కాలేదు కాబట్టి ఫలితాలు లెక్కలోంచి తీసేశారు. మొదటి రౌండులో అతని చేతిలో ఓడిన నెపోమ్నియాషీకి ఆ ఓటమి పోయింది. చివర్లో నెపో, ఫిరూజా సమానంగా నిలిస్తే ప్లేఆఫ్‌లో ఫిరూజా గెలిచాడు. మూడో రౌండులో నల్ల పావులతో ఆడి కార్ల్‌సన్‌ని ఓడించిన నీమన్‌కి మాత్రం ఆ పాయింటు పట్టికలో లేకుండా పోయింది. తీసేస్తే న్యాయం దానంతటదే వచ్చేస్తుందనుకోకండి.

ఎండ్‌గేమ్_పిచ్చి:
సరే సార్, రూలు నేనూ అదే చెప్పాను. నా ప్రశ్న ఒక్కటే. ‘పూర్తి చేసిన’ గేముల్లో వాకోవర్ వస్తుందా, రాదా? ఒక్క ఎత్తు కూడా వేయని గేమును పూర్తి చేయడమేమిటి? రేటింగుకి పంపేటప్పుడు వాకోవర్‌ని పంపం కదా. రేటింగుకి గేము కానిది సగం లెక్కకి గేము ఎట్లా అయింది?

ఫిడే_పుస్తకం:
ఆయన ఆ రోజు వచ్చారు, టైముకి కూర్చున్నారు, గడియారం నడిచింది, ఫలితం రాశారు. ఆయన చేయాల్సిందంతా చేశారు. అవతలివాడు రాకపోతే ఆయన ఖాతాలోంచి గేము తీసేస్తారా? రేటింగు వేరు, టోర్నమెంటు పట్టిక వేరు. కార్ల్‌సన్‌తో ఆడిన ముగ్గురికీ ఆ గేములు రేటింగులో లెక్కకొచ్చాయి, పట్టికలో రాలేదు. రెంటినీ కలపొద్దు.

ఎండ్‌గేమ్_పిచ్చి:
1967లో ట్యునీషియాలోని సూస్‌లో జరిగిన ఇంటర్‌జోనల్ (ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ దారిలో ఒక అర్హత టోర్నమెంటు) చూడండి. ఫిషర్ బోర్డు మీద 10 గేములాడి 8.5తో ముందున్నాడు. తప్పుకున్నాక అంతా తీసేశారు, లార్సెన్ గెలిచాడు. అక్కడా వాకోవర్ల గొడవ ఉంది, అయినా అందరూ చెప్పేది ఆడిన ఆ పది గేముల గురించే.

నల్లపావులు:
రెండ్రోజులుగా చూస్తున్నా, ఎక్కడా మాట్లాడలేదు. ఇప్పుడు నా పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను 10 గేములు బోర్డు మీద ఆడి 7.5 తెచ్చుకున్నా. పెద్దాయన వస్తే ఆయన్నీ ఓడించేవాడినే, మా పాత గేములు చూసుకోండి. ఆయన రాకపోవడం నా తప్పా? కమిటీ రాసిందే నేను తీసుకున్నా.

ఇక ఎండ్‌గేమ్ గారు. మీరు రెండో రౌండులో ఆయన చేతిలో ఓడారు. ఫలితాలు తీసేస్తే మీ ఓటమీ పోతుంది. మీ స్థానం ఆరు నుంచి అయిదుకి వస్తుంది. ఆ మాట మొదటి పోస్టులో రాయడం మర్చిపోయినట్టున్నారు.

బంటు_ముందుకే:
అబ్బో

ఎండ్‌గేమ్_పిచ్చి:
అయిదో స్థానానికి ఏమిస్తారండీ, కిరీటమా? నేను ఆయనతో నాలుగు గంటలు ఆడాను. రూకు, రెండు బంట్లు నాకు. రూకు, ఒక్క బంటు ఆయనకి. డ్రా అయితే చాలనుకుని ఆడితే తేలిగ్గా డ్రా. నేను గెలుద్దామని పోయి, టైము ఒక నిమిషానికి వచ్చాక రూకును తప్పు వరసలో పెట్టి ఓడిపోయా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవతల అయిదుగురు ఇంట్లో కూర్చుని పాయింటు తెచ్చుకున్నారు. నేను ఆడి సున్నా, మీరు ఆడకుండా ఒకటి. ఇదేం లెక్క?

స్విస్_మేలు:
స్విస్ పద్ధతి పెట్టండి (ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లని జత కలపడం), పీడా పోతుంది. మధ్యలో మానేసినవాడిని తర్వాతి రౌండు జతల్లో వేయరు, అతనితో ఆడాల్సినవాళ్లకంటూ వాకోవర్లు రావు.

ఫిడే_పుస్తకం:
12 మందికి 11 రౌండ్ల స్విస్సా? చివరికి అందరూ అందరితో ఆడేస్తారు, పేరు మాత్రమే మారుతుంది. తక్కువ రౌండ్లతో పెట్టినా, మధ్యలో పోయినవాడితో ముందు ఆడినవాళ్ల బుఖోల్జ్ (టై అయితే చూసే, ప్రత్యర్థుల పాయింట్ల మొత్తం) దెబ్బతినొచ్చు. అప్పుడు దాని మీద ఇంకో చర్చ.

సిసిలియన్_సీను:
అయిదో రౌండులో రానిది నేనే, ముందే చెప్తున్నా. జ్వరం. మెసేజ్ పెట్టా. నన్ను లాగకండి.

ఎండ్‌గేమ్_పిచ్చి:
మెసేజ్ ఎప్పుడు పెట్టావు తమ్ముడూ? గడియారం మొదలెట్టిన ఇరవై నిమిషాలకి. ఆ రోజు పక్క బోర్డు మీద ఉన్నది నేనే.

సిసిలియన్_సీను:
జ్వరం గడియారం చూసి వస్తుందా అన్నా

కొత్త_సభ్యురాలు:
చిన్న సందేహం. పెద్దాయన ఏడు రౌండ్లు వచ్చారు కదా. మరి ఫలితాలు ఆరే ఎందుకున్నాయి? ఇంకోటి ఏమైంది?

బంటు_ముందుకే:
మంచి ప్రశ్న. ఇన్ని పోస్టుల్లో ఎవరూ అడగలేదు.

ఫిడే_పుస్తకం:
మూడో రౌండు గేము వాయిదా పడింది. తర్వాత ఆడాల్సింది, ఈలోగా ఆయన మానేశారు.

కొత్త_సభ్యురాలు:
ఎవరితో?

నల్లపావులు:
నాతో. దాచిందేం లేదు. నాకు షిఫ్టు మారింది. కమిటీ అనుమతితోనే వాయిదా వేసుకున్నా.

పావులు_సర్దేవాడిని:
నేను ఆడేవాడిని కాదు, టేబుళ్లు వేసి, గడియారాలు పెట్టి, స్కోరు షీట్లు ఫైలు చేసేవాడిని. ఇక్కడ రాయకూడదనుకున్నా. కానీ ‘ఆయన రాకపోవడం నా తప్పా’ అన్న మాట చూశాక ఊరుకోలేకపోయా.

ఆ గేము ఒక్కసారి కాదు, మూడుసార్లు వాయిదా పడింది. మొదటిసారి రౌండు రోజే. పెద్దాయన వచ్చేశారు. గడియారం 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు పెట్టి ఉంచా. ఆయన స్కోరు షీటు మీద తేదీ, రౌండు, ఇద్దరి పేర్లు రాసుకుని పెన్ను మూత పెట్టి కూర్చున్నారు. అప్పుడు ఫోన్ వచ్చింది, వాయిదా అని. రెండోసారి మధ్యలో ఒక సెలవు రోజు అనుకున్నారు. ఆయన ఆ ఒక్క గేము కోసమే వచ్చారు, మళ్లీ ఫోన్. మూడోసారి నాలుగో రౌండుకీ అయిదో రౌండుకీ మధ్యన. ఆ తర్వాత అయిదో రౌండులో సీను బాబు రాలేదు. అంటే మూడు వారాల్లో నాలుగుసార్లు వచ్చి ఊరికే తిరిగెళ్లారు. ఆ మూడు షీట్లూ నా ఫైల్లో ఉన్నాయి, పేర్లున్నాయి, ఎత్తులు లేవు. ఏడో రౌండు అయ్యాక ‘రూమ్ తాళం వేసేవాడికన్నా నేనే ఎక్కువ వస్తున్నా’ అని నవ్వి వెళ్లారు. మళ్లీ రాలేదు.

బంటు_ముందుకే:
ఈ సంగతి నాకు తెలీదు.

ఎండ్‌గేమ్_పిచ్చి:
విన్నారా? ఆయన మానేయడానికి కారణమైనవాడికి ఆయన పాయింటు! ఇంతకన్నా ఏం కావాలి? నల్లపావులు గారూ, సిగ్గుండాలి.

నల్లపావులు:
మాట జారకండి. నాకు రాత్రి షిఫ్టులు. రోస్టరు ముందురోజు సాయంత్రం వస్తుంది. ఇద్దరు పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లు. మీలా రిటైరయి ఖాళీగా లేను. వాయిదాలు లేకపోతే నాలాంటివాడు సీజన్ ఆడలేడు, అంతే. క్లబ్బు ఖాళీ ఉన్నవాళ్ల కోసమే అయితే బోర్డు మీద రాయండి, మేం ఆన్‌లైన్‌లో బ్లిట్జ్ ఆడుకుంటాం. ఆ మూడుసార్లూ నేను తప్పుకుని తిరగలేదు, డ్యూటీలో ఉన్నా.

కొత్త_సభ్యురాలు:
సార్, మీ ఇబ్బంది అర్థమవుతుంది. నేనూ ఉద్యోగం చేసుకుంటూనే ఆడుతున్నా. కానీ పెద్దాయనా ఉద్యోగస్థుడే కదా. ఆయన సెలవు పెట్టుకుని వచ్చి తిరిగెళ్లారు. వాయిదా అడిగినప్పుడు కమిటీ మీకు ఒప్పుకుంది. ఆయన్ని అడిగారా? ఇంకోటి. ఆరో రౌండులో మా అబ్బాయికి పరీక్ష, ఒక్క రోజు వాయిదా అడిగాం. కుదరదన్నారు, వాడికి సున్నా వేశారు. పై బోర్డుల వాళ్లకి ఒక రూలు, కింది బోర్డుల వాళ్లకి ఒక రూలా? నాకు సగం, అయిదు, ఆరు ఇవేవీ పట్టవు. ఇదొక్కటి చెప్పండి.

ఫిడే_పుస్తకం:
మీ అబ్బాయి విషయం నా దాకా రాలేదు.

కొత్త_సభ్యురాలు:
మీరు కమిటీలో ఉన్నారు కదండీ.

స్విస్_మేలు:
😬

ఫిడే_పుస్తకం:
ఉన్నాను. వాయిదాల మీద మన దగ్గర రాసుకున్న నియమం లేదు, అది నిజం. అడిగినవాళ్ల ఇబ్బంది చూసి ఎప్పటికప్పుడు ఒప్పుకుంటూ వచ్చాం. ఎక్కువసార్లు అడిగింది పై నాలుగు బోర్డుల వాళ్లే. టైటిల్ పోరులో ఉన్నవాళ్ల గేము వాకోవర్‌తో తేలకూడదని అనుకున్నాం. చివరికి తేలింది వాకోవర్‌తోనే.

రెండో_స్థానం:
అంకుల్స్, నా కోసం గొడవ పడొద్దు ప్లీజ్. నేను తొమ్మిదో రౌండులో గెలుపు గేము డ్రా చేసుకున్నా, అక్కడ పోయింది నాకు. పెద్దాయన అంకుల్‌తో ఆడిన గేము మాత్రం తీసేయొద్దు. ఈ సీజన్‌లో నేను బాగా ఆడింది అదే.

ఎండ్‌గేమ్_పిచ్చి:
నీకు తెలీదు నాన్నా, నువ్వాగు. ఇది నీ ఒక్కడి సంగతి కాదు.

బంటు_ముందుకే:
మరెవరి సంగతండీ? కప్పు వస్తుందన్నవాడే వద్దంటున్నాడు.

ఎండ్‌గేమ్_పిచ్చి:
పద్ధతి సంగతి. అయిదా ఆరా అన్నదానికి ఇప్పటికీ ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

పావులు_సర్దేవాడిని:
వచ్చే సీజన్‌కి నేనడిగేది ఇది. వాయిదా ఎవరడిగినా ముందు అవతలివాళ్లు ఒప్పుకోవాలి. ఒక్కసారే. వచ్చే రౌండు లోపల ఆడేయాలి, లేదంటే అడిగినవాళ్లకి సున్నా. ఒకటో బోర్డయినా పన్నెండో బోర్డయినా.

నల్లపావులు:
అవతలివాళ్లు ఒప్పుకోవాలన్నది సరే. వచ్చే రౌండు లోపలంటే నాకు కుదరదు. రెండు రౌండ్లు ఇవ్వండి.

కొత్త_సభ్యురాలు:
రెండిస్తే మా అబ్బాయి సున్నా తీసేస్తారా?

ఫిడే_పుస్తకం:
సీజన్ ముగిసింది, పట్టిక మీద సంతకాలయ్యాయి. మారిస్తే అన్నీ మార్చాలి, లేకపోతే ఏదీ మార్చకూడదు. వాయిదాల నియమం మాత్రం వచ్చే మీటింగులో పెడతాను, అందరూ రండి.

నల్లపావులు:
ఏ రోజు మీటింగు? ముందే చెప్పండి, డ్యూటీ చూసుకోవాలి. కప్పు మాత్రం తిరిగివ్వను, అది ఇప్పుడే చెప్తున్నా.

ఎండ్‌గేమ్_పిచ్చి:
మిమ్మల్ని ఎవరడిగారు? నేనడిగింది కమిటీని.