రెండు ఎర్ర పూసలు, ఒక నీలి పూస: పిల్లవాడు అక్కడే ఎందుకు తడబడుతున్నాడు?

ప్రశ్న (ఒక తల్లి)

మా అబ్బాయికి ఐదేళ్లు నిండాయి. ఎర్ర పూస, నీలి పూస ఒకదాని తరువాత ఒకటిగా ఎంత పొడవు దారానికైనా గుచ్చగలడు. కానీ రెండు ఎర్రవి, ఒక నీలిది చొప్పున నేను మొదలుపెట్టి ఇస్తే, మళ్లీ ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అనే పాత వరుసకే వెళ్లిపోతున్నాడు. బడిలో ఇచ్చిన పుస్తకంలోని అమరికల పేజీలన్నీ మాత్రం సరిగానే పూర్తి చేశాడు. అమరిక అంటే ఏమిటో వాడికి తెలిసినట్టా, తెలియనట్టా?

ఒకటో తరగతి ఉపాధ్యాయిని

సగం తెలిసినట్టండీ. రెండు రంగులు మారి మారి వచ్చే వరుసలో చివరి పూసను ఒక్కదాన్ని చూస్తే చాలు, తరువాతిది ఏదో చెప్పవచ్చు. రెండు ఎర్రవి, ఒక నీలిది ఉన్న వరుసలో చివర ఎర్ర పూస కనబడితే అది మొదటి ఎర్రదో రెండో ఎర్రదో దాన్ని బట్టి తెలియదు. వెనక్కి వెళ్లి, తిరిగి తిరిగి వస్తున్న ముక్క ఏదో పట్టుకోవాలి. మీ వాడికి రంగు మారడం తెలిసింది, ముక్క ఇంకా కనబడలేదు.

దారం కొన్నాళ్లు పక్కన పెట్టి, మూడేసి పూసలను చిన్న గిన్నెల్లో వేయించండి. ప్రతి గిన్నెలోనూ అవే మూడు ఉన్నాయని వాడే చెప్పాక, వరుసగా గుచ్చమనండి. తరువాత అదే అమరికను రెండు చప్పట్లు, ఒక చిటికగానూ, రెండు చింతపిక్కలు, ఒక గవ్వగానూ మార్చమని అడగండి; వస్తువు మారినా అమరిక మారలేదని గుర్తించిన రోజున వాడికి విషయం అందినట్టే. వరుస మధ్యలో ఒక పూసను అరచేత్తో మూసి, కింద ఏముందో కూడా అడగండి. పుస్తకాల్లో ఎక్కువగా చివర ఖాళీ పెట్టి తరువాతిది అడుగుతారు కాబట్టి, ఆ పేజీలు నిండినంత మాత్రాన నేను పెద్దగా నమ్మను.

ముగ్గులు వేసే ఒక నాయనమ్మ

పెద్ద పిల్లలుంటే చుక్కలు పెట్టించండమ్మా. మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ 5, 3, 1 చొప్పున తగ్గిస్తే మొత్తం 25 వస్తాయి. మధ్యలో 5 అయితే 13, 3 అయితే 5, ఒక్కటే అయితే 1. మూడో తరగతి చదివే మా మనవరాలు ఈ 1, 5, 13, 25 రాసుకుని, ముగ్గు పెరిగినప్పుడల్లా చుట్టూ 4, 8, 12 చుక్కలు కొత్తగా చేరుతున్నాయని తానే కనిపెట్టింది. నేను ఇన్నేళ్లూ చుక్కలు పెట్టానే కానీ ఆ సంగతి గమనించలేదు.

కళాశాలలో గణితం బోధించే ఒకరు

పై సలహాలు మంచివే, కానీ పిల్లవాడిదే తప్పని మనం ముందుగానే తేల్చేశామేమో. 1, 2, 4 తరువాత ఏమిటని అడిగితే, రెట్టింపు చేసేవారు 8 అంటారు; మొదట 1, తరువాత 2 కలిపాం కాబట్టి ఇప్పుడు 3 కలపాలనేవారు 7 అంటారు. రెండూ సరైనవే. పెద్దలూ ఇక్కడ మోసపోతారు: వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలుపుతూ పోతే, లోపల ఏర్పడే భాగాలు గరిష్ఠంగా 1, 2, 4, 8, 16 అవుతాయి. ఆరో బిందువుకు అందరూ 32 అంటారు, లెక్కిస్తే 31 మాత్రమే. ముక్క కనీసం మూడుసార్లు పూర్తిగా రాకుండా పిల్లవాడు ఏ నియమాన్ని పట్టుకోవాలి? ఇంతకీ మీరు ఎన్ని పూసలు గుచ్చి ఇచ్చారు?

ప్రశ్న అడిగిన తల్లి

నాలుగే గుచ్చానండీ: ఎరుపు, ఎరుపు, నీలం, ఎరుపు. ఎందుకలా గుచ్చావని ఈ సాయంత్రం అడిగితే, మొదటి ఎర్రది "ముడి దగ్గరది" అని, అది లెక్కలోకి రాదని చెప్పాడు. ఆ తరువాత తొమ్మిది పూసలు గుచ్చి ఇచ్చాను, నాలుగు ముక్కలు తప్పు లేకుండా పొడిగించాడు. మధ్య పూసను మూస్తే మాత్రం ఆలోచించకుండా నా చెయ్యి ఎత్తి చూస్తున్నాడు. రేపు గిన్నెలు, చింతపిక్కలతో మొదలుపెడతాను.