అప్‌డేట్: కాలిన కొండ ఈత బతికే ఉంది

వేసవిలో శేషాచలం కొండల వాలు మీద చూసిన కొండ ఈత (చూడ్డానికి ఈతచెట్టులా ఉండే సైకస్ బెడ్డోమై అనే మొక్క) గురించి ఇక్కడ రెండు ప్రశ్నలు అడిగాను. కార్చిచ్చుకు ఆకులన్నీ మాడిపోయాయి, చచ్చిపోయినట్టేనా? పక్కన లేచిన పిలకను తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చా? వానలు పడేదాకా ఆగి చూడమని మీరన్నారు.

నిన్న మళ్లీ వెళ్లాను. బొగ్గులా నల్లబడిన కాండం నడినెత్తిన కొత్త ఆకులు ఒక్కసారిగా లేచాయి! ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. ఒక్కో చిన్న రెబ్బ గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంది. పక్కనున్న పెద్ద మొక్క ఆకును తిప్పి చూస్తే, సన్నని రెబ్బల అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి. నీరు ఆవిరి కాకుండా ఆ ఏర్పాటు. చుట్టూ రాళ్లే, మట్టి నామమాత్రం, నీడ లేదు. వాన నీరు నిలిచే ప్రశ్నే లేదు. పైగా ఈ జాతి వేళ్లలో నత్రజనిని పట్టి ఇచ్చే సూక్ష్మజీవులు కాపురముంటాయట. నేనేమో కుండీలో పశువుల ఎరువు దట్టించి రోజూ నీళ్లు పోద్దామనుకున్నాను. కుళ్లబెట్టేవాణ్ని.

పిలక సంగతి వదిలేశాను. సైకస్ బెడ్డోమై ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత మొక్క, అంతరించిపోయే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ ఉంది. పెకలిస్తే నేరం. ఫొటోలతో సరిపెట్టుకున్నాను. ఆడదో మగదో మాత్రం మగ శంకువో (కోన్), గింజలు పట్టే ఆడ రెబ్బలో వస్తేనే తెలుస్తుంది.