ద్రవ్యలోటులో ఉన్నది ఏ ద్రవ్యం?

డాలస్ కోడలు: అందరికీ నమస్కారం. ఇక్కడ ఎస్.ఐ.ఇ. పరీక్షకి చదువుతున్నాను. షేర్లు, బాండ్లు అమ్మే ఉద్యోగాల్లోకి వెళ్ళేవాళ్ళకి అమెరికాలో బ్రోకర్లని అదుపులో ఉంచే సంస్థ ఫిన్రా పెట్టే మొదటి పరీక్ష. లెక్కలోకి వచ్చే ప్రశ్నలు 75, స్కోరు 70 వస్తే గట్టెక్కినట్టే. ఫిస్కల్ పాలసీ, మానిటరీ పాలసీ దగ్గర ప్రతి మాక్ టెస్టులోనూ బోల్తా పడుతున్నా. నాన్నకి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్పారు: మానిటరీ పాలసీ అంటే ద్రవ్య విధానం, ఫిస్కల్ డెఫిసిట్ అంటే ద్రవ్యలోటు. ఫోన్ పెట్టేశాక ఇంకా అయోమయం. రెండింటికీ ఒకే ద్రవ్యమా?

పాత లెక్చరర్: తప్పు మీ నాన్నగారిది కాదమ్మా, మన పత్రికలది. పాఠ్యపుస్తకాల్లో ఫిస్కల్‌కి కోశ విధానం, మానిటరీకి ద్రవ్య విధానం. ఆ లెక్కన ఫిస్కల్ డెఫిసిట్ కోశలోటు కావాలి. పేపర్లో ద్రవ్యలోటుగా పాతుకుపోయింది. ద్రవ్యోల్బణంలో ఉన్నది మాత్రం మానిటరీ ద్రవ్యమే. ఉల్బణం అంటే మితిమీరడం. కోశం అంటే ఖజానా. గుడి కమిటీలో రసీదు పుస్తకం చంకన పెట్టుకు తిరిగే కోశాధికారిని తలుచుకోండి. లాటిన్‌లో ఫిస్కస్ అంటే బుట్ట. డబ్బులు వేసుకునే ఆ బుట్టే పోనుపోను చక్రవర్తి ఖజానా అయింది.

వార్తల డెస్కు: నింద ఒప్పుకుంటాం మాస్టారూ. కానీ కోశలోటు అని హెడ్డింగ్ పెడితే చదివేదెవరు? మానిటరీకి మేం పరపతి విధానం అనే ఎక్కువగా రాస్తాం. ఒకప్పుడు రిజర్వు బ్యాంకు ఏటా రెండుసార్లు క్రెడిట్ పాలసీ ప్రకటించేది. ఆ క్రెడిటే పరపతి. సహకార పరపతి సంఘంలో పంట అప్పు తీసుకున్న రైతుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

డాలస్ కోడలు: అయితే నిన్న తప్పిన ప్రశ్న చూడండి. ఫెడ్, అంటే ఇక్కడి రిజర్వు బ్యాంకు లాంటిది, బ్యాంకుల దగ్గర ట్రెజరీ బాండ్లు (ప్రభుత్వ అప్పు పత్రాలు) కొంది. ఇది కోశమా, పరపతా? ట్రెజరీ అంటే ఖజానాయే కదా అని ఫిస్కల్ కొట్టాను.

పాత లెక్చరర్: అక్కడే గుంటలో పడ్డారు! బాండు ఖజానాదే, కొన్నది ఫెడ్. పని ఎవరు చేశారన్నదే చూడాలి. పన్నులు, ఖర్చులు కాంగ్రెసు (అక్కడి పార్లమెంటు), అధ్యక్షుడి చేతిలోవి, అది కోశం. ఫెడ్ బాండ్లు కొంటే బ్యాంకుల్లోకి డబ్బు చేరుతుంది, వడ్డీ దిగుతుంది, పాత బాండ్ల ధర ఎక్కుతుంది, ఇది పరపతి. ఇంకో గుంట కూడా ఉంది. ఫెడ్ ఫండ్స్ రేటు ఫెడ్‌కి కట్టే వడ్డీ కాదు. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే చేబదులు మీద వడ్డీ అది. ఫెడ్ దగ్గరే అప్పు చేస్తే కట్టేది డిస్కౌంట్ రేటు.

డాలస్ కోడలు: చేబదులు! ఇది మర్చిపోను మాస్టారూ. మరి ఫిస్కల్‌కి ఇలాంటి ఇంటి మాట ఏదీ లేదా?

పాత లెక్చరర్: ఎందుకు లేదూ, బొక్కసం.

వార్తల డెస్కు: "బొక్కసం లోటు". హెడ్డింగ్‌కి భలే ఉంటుంది. మా ఎడిటర్ గారే ఒప్పుకోవాలి.