సెగ్గడ్డ: పండేదాకా ఆగాలా, కోయించేయాలా?

కృష్ణలంక కోడలు
మా మరిదికి తొడ లోపలి వైపు సెగ్గడ్డ లేచింది. మొదట చిన్న ఎర్ర పొక్కు, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. వయసు 26. బైకు మీద డెలివరీలు చేస్తాడు, రోజంతా సీటు మీదే. ప్యాంటు రాసుకుంటే ప్రాణం పోతోందంటున్నాడు. జ్వరం లేదు. గజ్జల్లో బిళ్ల కట్టింది. మా అత్తగారు సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తానంటారు, "పండితే అదే పగులుతుంది" అని. మావారు కోయించేద్దాం, రోజు సంపాదన పోతోందంటారు. వీధి చివర మెడికల్ షాపులో రెండు రకాల మాత్రలు, ఒక ట్యూబు ఇచ్చారు. ఇంట్లో మూడు పార్టీలు అయ్యాయి. ఎవరి మాట వినాలి?

తాటాకు పందిరి
మీ అత్తగారి మాటే వినమ్మా. మా కోనసీమలో ఎండలు ముదిరితే ఇంటికొకరికి సెగ్గడ్డ లేచేది. ఆముదం రాసి, తమలపాకు పెనం మీద వెచ్చచేసి కట్టేవాళ్లం. రాత్రికి రాత్రి మెత్తబడి పగిలేది. ఎవరూ కత్తి దాకా పోలేదు. ఇప్పుడు సెగ్గడ్డకీ స్కానింగు, సెగ్గడ్డకీ వెయ్యి రూపాయల రక్తపరీక్షలు. కోయించుకుంటే రోజూ డ్రెస్సింగుకు తిరగాలి, పైగా మచ్చ. మామిడిపండ్లు ఆపించి మజ్జిగ పట్టించండి. ఒంట్లో వేడి దిగాలి ముందు.

పాలమూరోడు
బాబాయ్, మామిడిపండు మీద ఎందుకే అంత కోపం? మా దిక్కు సీతాఫలం కాలంల గూడ లేస్తయ్.

మందుల చీటీ
ఫార్మసీ నడుపుతున్నాను కాబట్టి షాపు పార్టీ తరఫున నేనే మాట్లాడాలి, కానీ మాట్లాడలేను. కోడలు గారూ, ఆ ట్యూబు మీద పేరు చూడండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ లాంటివి ఉంటే అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. రాసిన రోజు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది. లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎంతమంది పాటిస్తున్నారో మీకే తెలుసు.

ఓపీ గది నంబర్ 3
ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జరీ ఓపీ చూస్తాను. వారంలో సెగ్గడ్డ లేని రోజు ఉండదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సెగ్గడ్డ వెంట్రుక కుదురులో మొదలవుతుంది. కారణం ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. పాశ్చర్ 1880లో సెగ్గడ్డ చీములోంచే ఇలాంటి సూక్ష్మజీవిని పెంచి చూపించాడు, అంటే ఇది నిన్నా మొన్నా కనిపెట్టిన సంగతేం కాదు. మనలో సుమారు 30 శాతం మందికి అది ముక్కు రంధ్రాల్లో ఊరికే ఉంటుంది, ఏ హానీ చేయదు. చెమట, ఒరిపిడి, రేజరు గాటు, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతుంది. వేసవిలో ఎక్కువగా రావడానికి కారణం ఉక్కా, చెమటా. మామిడి కూడా అప్పుడే వస్తుంది కాబట్టి నేరం దాని మీద పడింది. మామిడి సొన తగిలి మూతి చుట్టూ పొక్కులు రావడం నిజమే, కానీ అది వేరే బాధ, చీముగడ్డ కాదు.

ఇక అసలు తగాదా. గడ్డ గట్టిగా ఉన్నప్పుడు కోస్తే రక్తం వస్తుంది తప్ప చీము రాదు. మధ్యలో మెత్తబడి, తెల్లటి ముఖం తేలి, వేలు ఆనిస్తే లోపల ద్రవం కదిలినట్టు ఉంటేనే కోత. కాబట్టి "పండనీ" అన్న అత్తగారి మాటలో సగం మా ప్రొఫెసర్లు చెప్పిందే. తేడా ఎక్కడంటే, పండించేది వేడి. శుభ్రమైన గుడ్డను చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో ముంచి, పిండి, గడ్డ మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. రోజుకు మూడు నాలుగు సార్లు. నొప్పికి పారాసెటమాల్. సున్నం మాత్రం వద్దు. అది ఘాటైన క్షారం, తొడ లోపలి వైపు చర్మం పలచగా ఉంటుంది, కాలుతుంది. సున్నం కాలిన పుండుతో వచ్చినవాళ్లకు గడ్డ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది మాకు.

గజ్జల్లో బిళ్ల కట్టడం ఆ కాలి ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు స్పందించడమే. దాన్ని నొక్కి నొక్కి చూడొద్దు.

తాటాకు పందిరి
అదే నేను చెప్పిన తమలపాకు కదా డాక్టరు గారూ! వెచ్చచేసి కట్టమన్నాను.

ఓపీ గది నంబర్ 3
కాదనలేదు బాబాయ్ గారూ. చర్మం చిట్లనంత వరకూ వెచ్చని తమలపాకుతో నాకు పేచీ లేదు. పగిలాక ఆకులూ ఆముదాలూ పసుపులూ లోపలికి పోకూడదు. ఉమ్మెత్తాకు మాత్రం ఎప్పుడూ వద్దు. అందులో అట్రోపిన్ ఉంటుంది. ఆ ఆకు కట్టిన చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. అలాంటి కేసు వస్తే మేము ముందు తలకు దెబ్బేమైనా తగిలిందా అని కంగారు పడతాం.

పాలమూరోడు
పిన్నీసు కాల్చి గుచ్చుడు సంగతి? మా జిమ్ముల పోరలు అదే చేస్తరు.

ఓపీ గది నంబర్ 3
పిన్నీసు కాలుస్తారు సరే, వేళ్లు కాల్చరు కదా. గుచ్చాక పిసుకుతారు, అసలు ముప్పు అక్కడే. గడ్డ చుట్టూ ఒళ్లు కట్టుకున్న గోడ లోపలి వైపుకి చితికి, చీము కండలోకీ రక్తంలోకీ పాకుతుంది. ముక్కు మీదా, పై పెదవి మీదా అయితే ఇంకా చెడ్డది. అక్కడి సిరలకు మెదడు అడుగున కళ్ల వెనక ఉన్న సిరలతో లంకె ఉంది. అరుదే, కానీ జరిగితే ప్రాణాంతకం. జిమ్ములో తువ్వాలూ రేజరూ పంచుకోవడం మానితే సగం గడ్డలు రావు.

మందుల చీటీ
ఒక్కటి అడుగుతాను డాక్టరు గారూ. యాంటీబయాటిక్ వాడితే కోత తప్పుతుందని చాలామంది అంటారు. మీ చీటీల్లో కూడా అవే కదా ఉండేది?

ఓపీ గది నంబర్ 3
చీము గూడు కట్టాక మాత్ర లోపలికి సరిగ్గా చేరదు. నయం చేసేది చీము బయటికి రావడమే, మాత్ర దానికి తోడు. 2017లో అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధన ఈ సంగతి చక్కగా చెబుతుంది. 5 సెంటీమీటర్లు దాటని గడ్డలను కోసి చీము తీశాక, కొందరికి యాంటీబయాటిక్, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఉత్త మాత్ర వాళ్లలో సుమారు 69 శాతం మందికి నయమైంది. యాంటీబయాటిక్ వాళ్లలో 82, 83 శాతం. మాత్రతో ఉపయోగం ఉంది, నిజమే. కానీ కోసి వదిలేసినా మూడింట రెండొంతుల మందికి తగ్గింది. డాక్టరు చెప్పకుండా షాపులో కొని మూడు రోజులు మింగి మానేస్తే మాత్రం బాక్టీరియాకు మందు అలవాటవుతుంది తప్ప గడ్డకు ఒరిగేదేం లేదు.

తాటాకు పందిరి
చూశారా, కోత చాలు అన్నమాట, మందుల కంపెనీలకే నష్టం! మీరు నిజం చెప్పే డాక్టరు కాబట్టి సరిపోయింది. ప్రైవేటులో ఈ మాట చెప్పేవాళ్లను చూపించండి.

సింగరేణి సెకండ్ షిఫ్ట్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నకు మెడ వెనక గడ్డ. ఒకటే కాదు, అరచేయంత మేర గట్టిపడి, జల్లెడలా నాలుగైదు చోట్ల చీము కారుతోంది. షుగరు ఉంది, మాత్రలు ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మానేస్తాడు. నొప్పి పెద్దగా లేదంటాడు కానీ నిన్నటి నుంచి చలి జ్వరం, అన్నం తినట్లేదు. అమ్మ వేపాకు, పసుపు నూరి పెడుతోంది. పండేదాకా ఆగమంటారా?

ఓపీ గది నంబర్ 3
ఆగొద్దు. రేపు కూడా కాదు, ఇప్పుడే బయల్దేరండి. ఇది సెగ్గడ్డ కాదు, రాచకురుపు (కార్బంకుల్). పక్కపక్కనున్న కుదుళ్లన్నీ లోపల కలిసిపోయి ఉంటాయి. షుగరు వాళ్లకు మెడ వెనకా, వీపు మీదా వస్తుంది. నొప్పి తక్కువని ధైర్యపడొద్దు, షుగరు వల్ల నరాలు మొద్దుబారి ఉండొచ్చు. చలి జ్వరం, తిండి సహించకపోవడం అంటే విషం రక్తంలోకి పోతోందన్న అనుమానం. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో. చిన్న క్లినిక్ కాదు, సర్జన్ ఉన్న ఆసుపత్రి.

తాటాకు పందిరి
బాబూ, ఇక్కడ నా ఆకుల మాట వినకు. రాచకురుపుకి మా ఊళ్లో మంత్రసాని కూడా చెయ్యి వేసేది కాదు, బండి కట్టించి పట్నం పంపేది. మీ అమ్మగారిని ఏమీ అనకు, నాన్నను తీసుకెళ్లు.

కృష్ణలంక కోడలు
ముందు ఆ నాన్నగారి సంగతి చూసుకోండి, మా మరిది ఎక్కడికీ పోడు. ఒక మాట మాత్రం: ట్యూబులో బీటామెథాసోన్ ఉంది, చెత్తబుట్టలో వేశాను. సున్నం బదులు అత్తగారే వేడినీళ్ల గుడ్డ పెడుతున్నారు, పూటపూటకీ గడియారం చూసి మరీ. ఎన్ని రోజులు చూడాలి? అదే పగిలితే ఏం చేయాలి?

ఓపీ గది నంబర్ 3
చాలావరకు వారం, పది రోజుల్లో పగులుతుంది. పగిలితే కారనివ్వండి, పిసకొద్దు. సబ్బునీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి, తడిస్తే మార్చండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. తగ్గేదాకా బండి సీటుకు దూరంగా ఉంటే మంచిది, సంపాదన మాట నాకూ తెలుసు.

జ్వరం వచ్చినా, ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, గడ్డ నుంచి ఎర్రగీత పైకి సాగినా ఆ రోజే చూపించండి. మెత్తబడీ పగలకుండా సలుపుతుంటే కోయించండి, పీహెచ్‌సీ లేదా బస్తీ దవాఖానాకు వెళ్తే వాళ్లే చేస్తారు లేదా ఎక్కడికి వెళ్లాలో రాసిస్తారు. రెండు వారాలైనా తగ్గకపోతే సరే సరి. పసిపిల్లలు, గర్భిణులు, షుగరు ఉన్నవాళ్లు, ముఖం మీదా వెన్నెముక మీదా మలద్వారం దగ్గరా గడ్డ లేచినవాళ్లు మొదటి రోజే రావాలి. మీ మరిదికి ఇది మొదటిసారి కాకపోతే ఒకసారి పరగడుపున షుగర్ చూపించండి, 26 ఏళ్లే కదా అనుకోవద్దు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క తేల్చింది, చాలామందికి తమకు ఉందనే తెలియదు. చంకల్లో, గజ్జల్లో అవే చోట్ల మళ్లీ మళ్లీ లేచి మచ్చలు పడుతుంటే అది సెగ్గడ్డ కాకపోవచ్చు, చర్మ డాక్టరు చూడాలి.

పాలమూరోడు
మజ్జిగ తాగొచ్చా మరి?

ఓపీ గది నంబర్ 3
తాగండి, మామిడిపండు కూడా తినండి.

తాటాకు పందిరి
మామిడి మీద మాత్రం ఒప్పుకోను. రోజుకు నాలుగు రసాలు జుర్రినవాడికే ఎందుకు లేస్తాయో చెప్పమనండి.

సింగరేణి సెకండ్ షిఫ్ట్
జిల్లా ఆసుపత్రిలో చేర్చుకున్నారు. షుగరు 386 ఉంది. సెలైన్, ఇన్సులిన్ పెట్టారు, పొద్దున కోత అంటున్నారు. ఇంట్లో అందరం ఒకే తువ్వాలు వాడతాం. చిన్న పాప ఉంది, ఏమైనా చేయాలా?

ఓపీ గది నంబర్ 3
నాన్నగారి తువ్వాలు, దుప్పటి, దిండు గలీబు వేరు చేసి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. పాపకు ఎక్కడైనా పొక్కు కనిపిస్తే చూపించండి, లేకపోతే ఏ మందూ అక్కర్లేదు. కోత అయ్యాక గాయం పెద్దగా, తెరిచి ఉంటుంది, కుట్లు వేయరు. చూసి భయపడొద్దు, లోపలి నుంచి మానుతూ రావాలని అలా వదిలేస్తారు. వారాలు పడుతుంది. డ్రెస్సింగు మానొద్దు, షుగరు మాత్రలు కూడా.