కాలేజీల్లో షేర్ల మోజు: దీని వెనక ఉన్నది నిజంగా పొదుపు బుద్ధేనా?

నాగావళి ఒడ్డు (రాయగడ):
నేను కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెబుతాను. ఈ మధ్య మా స్టాఫ్ రూములో జవాబు పత్రాల కన్నా షేర్ల మార్కెట్ సూచీ నిఫ్టీ ముచ్చట్లే ఎక్కువయ్యాయి. పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. షేర్లలో డబ్బు ఎందుకు పెడుతున్నారంటే అందరూ "భవిష్యత్తు కోసం" అంటారు. భవిష్యత్తు కోసమే అయితే ఉదయం కొన్నది మధ్యాహ్నానికి అమ్మేయడం దేనికి? చదువుకున్నవారిని షేర్ల వైపు లాగుతున్నది పొదుపు కాదు, పక్కవాడికి వచ్చింది నాకు రాలేదన్న ఉక్రోషం అని నా వాదన. కాదనేవారు కారణాలతో రండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మాస్టారూ, తమరు ఉద్యోగంలో ఎప్పుడు చేరారో ముందు సెలవివ్వండి.

నాగావళి ఒడ్డు:
1998లో. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

మహేంద్రతనయ:
సంబంధమంతా అక్కడే ఉంది. ఒడిశాలో 2005 జనవరి 1 తర్వాత సర్కారు కొలువులో చేరినవారికి మీ పాత పింఛను లేదు. నేను అలా ఆ తర్వాత చేరినవాడిని. మాకున్న కొత్త పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో మేమేమీ ఎంచుకోకపోయినా కొంత సొమ్ము షేర్లలోకే వెళ్లవచ్చు. అంటే నన్ను మార్కెట్లో నిలబెట్టింది ఉక్రోషం కాదు, నియామక పత్రం.

ఇక బ్యాంకు మాట. 2020–21లో స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్ మీద 5 శాతం దగ్గర ఇచ్చింది. అదే ఏడాది ధరలు 6 శాతం పైగా పెరిగాయి. కదలకుండా కూర్చున్నవాడికే నష్టం. చిట్టీలంటారా? 2013లో మన రాష్ట్రంలో చిట్‌ఫండ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు, విచారణ కమిషన్ వేసినప్పుడు, మా వీధిలో ఎంతమంది తలలు పట్టుకున్నారో నాకు గుర్తుంది. వాటితో పోలిస్తే సెబీ అనే నియంత్రణ సంస్థ అజమాయిషీ ఉన్న షేర్ల మార్కెట్టు నయం కాదా?

వంశధార (గుణుపురం):
నమస్తే సార్. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. మా తరఫున ఒక మాట. మాకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, షేర్ల పాఠాలు హైదరాబాదు వాళ్ల తెలుగు వీడియోల్లో. ఎవరూ మోసం చేసి లాగలేదు. స్థలం కొనే స్తోమత లేదు, బంగారం అందదు. మా చేతిలో ఉన్నంతలో దొరికేది ఇదొక్కటే.

ఆప్షన్ల గురించి కూడా దాచను. సూచీ ఎటు కదులుతుందో అని కాస్త సొమ్ము కట్టి వేసే పందెం లాంటివి అవి. 2024 మధ్యలో నిఫ్టీ లాట్, అంటే ఒకసారి కొనాల్సిన కనీస సంఖ్య, 25. గడువు తీరే గురువారం రెండున్నర దాటాక ఒక్కోదానికి 5 రూపాయల ప్రీమియం (ధర) ఉన్న కాల్, అంటే సూచీ పెరుగుతుందనే పందెం, లాట్ మొత్తం 125 రూపాయలకు వచ్చేది. హాస్టల్లో దాన్ని ‘జీరో–హీరో’ అంటారు. మార్కెట్ మూసే మూడున్నరకల్లా పదింతలైనా కావాలి, సున్నా అయినా కావాలి. ఒకే మంచం మీద ఐదుగురం, ఒకే ఫోను, ఛార్జరు తీగ గోడ దాకా బిగుసుకుని ఉండేది. సినిమా టిక్కెట్టు డబ్బే కదా సార్, అందులో తప్పేముంది?

నాగావళి ఒడ్డు:
బాబూ, తప్పని నేననలేదు. దాని పేరు పెట్టుబడి కాదంటున్నాను. నువ్వే సినిమా టిక్కెట్టు అన్నావు.

రుషికుల్య (బరంపురం):
మీరందరూ ఉద్దేశాల గురించే వాదిస్తున్నారు. డబ్బు చేతికి వచ్చే తీరు చూడండి. నేను పరిశోధక విద్యార్థిని. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష గెలిచిన పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. కాగితం మీద నెలనెలా. నిజానికి నాలుగైదు నెలలు ఎండబెట్టి ఒక్కసారిగా పడుతుంది. అప్పులు తీర్చాక మిగిలేది జీతంలా అనిపించదు, దారిలో దొరికిన సొమ్ములా అనిపిస్తుంది. మా ల్యాబులో షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు కొత్తగా తెరుచుకునేది సరిగ్గా బకాయిలు పడిన వారంలోనే. నెట్ పరీక్ష లేకుండా నెలకు 8,000తో నెట్టుకొచ్చేవారికి ఆ ఊసే లేదు. కనుక "చదువుకున్నవారు" అని అందరినీ ఒకే గాటన కట్టకండి.

ఇంకొకటి, మీ ముగ్గురూ వదిలేసింది. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది, 2021 అక్టోబరుకు 18,000 దాటింది. అప్పుడు కాలేజీలు మూసి ఉన్నాయి, ఫోను చేతిలో ఉంది. డీమ్యాట్ ఖాతాలు 2020 మార్చిలో సుమారు 4 కోట్లు, 2022 ఆగస్టుకు 10 కోట్లు దాటాయి. ఆ ఏడాదిన్నరలో అడుగుపెట్టినవాడికి ఏది కొన్నా పెరిగింది. తన తెలివే అనుకున్నాడు. పర్లాకిమిడి మాస్టారు చెప్పే పింఛను బెంగ నిజమే, కానీ తలుపు తీసింది ఆ గెలుపు రుచి.

తమ్ముడూ వంశధారా, 125 రూపాయల మాట వినడానికి బాగుంది. 2024 సెప్టెంబరులో సెబీ లెక్క తీసింది. 2021–22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్లు (ముందు తేదీకి ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు), ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లు పైనే. 30 ఏళ్ల లోపువారి వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి చేరింది. 2023–24లో ఒక్కొక్కరు సగటున 26,000 రూపాయలు ఖర్చుల కిందే కట్టారు. అది మీ ఐదుగురిలో ఎవరూ లెక్కలో వేసి ఉండరు.

వంశధార:
అక్కా, అందరూ ఆప్షన్లే కాదు. మా బ్యాచ్‌లో రాయగడ వాళ్లు జేకే పేపర్ షేర్లు కొని అట్టిపెట్టుకున్నారు. జేకేపూర్ మిల్లు పక్కన పెరిగారు, కంపెనీ ఎలా నడుస్తోందో కళ్లారా చూస్తారు.

మహేంద్రతనయ:
గేటు దగ్గర లారీలు చూసి లాభం చెప్పగలిగితే నాల్కో అల్యూమినా కర్మాగారం ఉన్న దమంజోడిలో ఇంటికో కోటీశ్వరుడు ఉండాలి. నాల్కో లాభాన్ని లండన్‌లో అల్యూమినియం రేటు ఆడిస్తుంది. పేపరు మిల్లుకూ అంతే, బయటి నుంచి దిగుమతయ్యే కాగితం ధర లెక్కలోకి వస్తుంది. మనకు తెలిసిన పేరు కాబట్టి భయం పోతుంది, అంతే. అయినా ఆ పిల్లలు అమ్మకుండా ఉంచుకున్నారు చూడండి, అది మెచ్చుకోవాలి.

రుషికుల్య:
భయం పోవడం అన్న మాట దగ్గర ఆగుదాం. డబ్బును రకరకాల పెట్టుబడుల్లో ఎలా పంచాలో చెప్పే పోర్ట్‌ఫోలియో సిద్ధాంతానికి 1990లో నోబెల్ అందుకున్న హ్యారీ మార్కోవిట్జ్ తన సొంత పదవీ విరమణ సొమ్మును సగం షేర్లలో, సగం బాండ్లలో పెట్టుకున్నారు. తన సూత్రం ప్రకారం లెక్క కట్టలేదు. రేపు ఎటు జరిగినా పశ్చాత్తాపం తగ్గాలని అలా చేశానని తానే చెప్పారు. రాయగడ మాస్టారు ఉక్రోషం అన్నది దీనికి దూరం కాదు, కాస్త మర్యాద తక్కువ పేరు పెట్టారంతే.

నాగావళి ఒడ్డు:
పింఛను విషయంలో మహేంద్రతనయ గారి మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఒక ప్రశ్న మిగిలింది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 16వ నియమం, మాటిమాటికీ షేర్లు కొని అమ్మడాన్ని స్పెక్యులేషన్ (జూదం లాంటి వ్యాపారం) కింద లెక్కకట్టి నిషేధించింది. నాకు తెలిసిన కేంద్ర ఉద్యోగుల్లోనే రోజువారీ వ్యాపారం భార్య ఖాతాలో చేసేవారు ఉన్నారు. వృద్ధాప్యం కోసమే అయితే ఆ చాటు దేనికండీ? సోమవారం మా తరగతిలో డీమ్యాట్ ఉన్న ప్రతివాడినీ బ్రోకరు ఇచ్చే లాభనష్టాల పట్టిక, ఖర్చులతో సహా, తెమ్మంటాను.

మహేంద్రతనయ:
తప్పకుండా తెప్పించండి మాస్టారూ. స్టాఫ్ రూములో కూడా అడుగుతారా?