మావయ్యగారికి బిళ్లలు నూరి ఇవ్వొచ్చా?

పాలకొల్లు కోడలు:
మావయ్యగారికి రెండు నెలల కిందట పక్షవాతం వచ్చిందండీ, ఇప్పుడు మంచినీళ్లు తాగినా పొలమారుతోంది. బిళ్లలు మింగలేకపోతున్నారని అన్నీ కలిపి కల్వంలో మెత్తగా నూరి, చెంచాడు చక్కెరకేళి గుజ్జులో పెట్టి తినిపిస్తున్నాను. మొన్న అలా ఇచ్చిన గంటకి కళ్లు తిరుగుతున్నాయంటూ మంచం మీద వాలిపోయారు, మెషీన్ పెట్టి చూస్తే బీపీ 90/60, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇచ్చేవి మూడు: బీపీకి మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ 50, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500, గ్యాస్‌కి పాంటోప్రజోల్ 40. నూరడం వల్లేనంటారా?

రాజోలు, మందుల షాపు:
ముందు నూరడం ఆపండమ్మా. అలాగని బిళ్లలు మానేయకండి, మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండెకి ప్రమాదం, ఈ రోజే డాక్టరుగారికి ఫోన్ చేయండి. పేరు పక్కన ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, ఈఆర్ అని ఉంటే ఆ బిళ్ల గంటల తరబడి కొంచెం కొంచెంగా మందు వదిలే రకం. మన కాలవ లాకుల్లాంటిదే, తలుపులన్నీ ఒక్కసారి ఎత్తేస్తే నీళ్లు చేల మీద పడ్డట్టు, నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. బీపీ పడిపోవడానికి అదే కారణం కావచ్చు. ఎక్స్‌ఎల్ బిళ్లకి మధ్యలో గీత ఉంటే సగానికి విరవచ్చు, పొడి మాత్రం చేయకూడదు. పాంటోప్రజోల్ సంగతి వేరు, కడుపులో ఆమ్లానికి పాడైపోతుందని పేగులో కరిగే పూత వేస్తారు, నూరితే ఆ పూత పోయినట్టే. నీళ్లకే పొలమారుతోందన్న మాట డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

సఖినేటిపల్లి:
మా నాన్నగారికి పంటు మీద నరసాపురం వెళ్తుంటే గుండెల్లో నొప్పి వచ్చింది. డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ జేబులోనే ఉంది, కంగారులో నీళ్లతో మింగించేశాను. అది నాలుక కింద పెట్టాల్సిన బిళ్ల, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, మింగితే ముందు కాలేయంలోకి పోయి చాలావరకు అక్కడే విరిగిపోతుంది. అవతలి రేవు వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు ఆ డబ్బా మీద ‘నాలుక కింద’ అని పెద్దక్షరాలతో రాసి అంటించాను.

పాలకొల్లు కోడలు:
డాక్టరుగారిని కలిశామండీ. మెటోప్రొలాల్, మెట్‌ఫార్మిన్ రెండూ మామూలు రకం రాశారు, రెండు పూటలా, ఇవి నూరొచ్చన్నారు, కానీ దేనికది విడిగా. గ్యాస్‌కి నోట్లో కరిగిపోయే లాన్సోప్రజోల్ ఇచ్చారు. నీళ్లూ మజ్జిగా చిక్కగా చేసి, కూర్చోబెట్టే పట్టమన్నారు. ఈ ఉదయం బీపీ 124/80. రాజోలు అన్నయ్యగారూ, ఎక్స్‌ఎల్ స్ట్రిప్పు ఒకటి కత్తిరించకుండా ఉంది, బిల్లు చూపిస్తే షాపులో వెనక్కి తీసుకుంటారా?